టెక్సస్ హోల్డెమ్ పోకర్ మొదటి నుంచి: ముక్కలు పంచడం దగ్గర్నుంచి ఎప్పుడు ఫోల్డ్ చేయాలో దాకా

రమ్మీ వచ్చు, మూడు ముక్కలాట వచ్చు, పోకర్ మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కావట్లేదు అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు, ముఖ్యంగా అమెరికా వెళ్ళి వీకెండ్ ఫ్రెండ్స్ ఇంట్లో ఆటకి కూర్చుని ఏం జరుగుతోందో తెలీక గంటలోనే చిప్స్ అన్నీ పోగొట్టుకున్నవాళ్ళు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా. పోకర్‌లో రకాలు చాలా ఉన్నాయి, ఇక్కడ చెప్పేది అందరూ ఎక్కువగా ఆడే టెక్సస్ హోల్డెమ్, అందులోనూ పందేనికి పైపరిమితి లేని నో లిమిట్ ఆట.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తా. ఇక్కడ రాసిందంతా ఉత్త చిప్స్‌తో ఆడుకోడానికే. ఆంధ్రా, తెలంగాణ గేమింగ్ చట్టాల కింద డబ్బులు పెట్టి ఆడితే కేసులు అవుతాయి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతా ఆపేసింది, రమ్మీ అయినా పోకర్ అయినా సరే. నేర్చుకోడానికి డబ్బు అస్సలు అక్కర్లేదు.

1. కూర్చునే ముందు రెడీ చేసుకోవాల్సినవి

- ఒక పేక, 52 ముక్కలు. జోకర్లు తీసి పక్కన పెట్టేయండి, హోల్డెమ్‌లో జోకర్ లేదు.
- నలుగురి నుంచి ఎనిమిది మంది. నేర్చుకోడానికి ఆరుగురు బాగుంటుంది.
- చిప్స్. లేకపోతే చింతపిక్కలు, గవ్వలు, చొక్కా గుండీలు ఏవైనా సరే, ఏది ఎంత అన్నది ముందే కాగితం మీద రాసి టేబుల్ మధ్యలో పెట్టండి.
- డీలర్ గుర్తు కోసం ఒక పెద్ద మూత. దీన్నే బటన్ అంటారు.

ఒక్కొక్కరికి 1000 ఇవ్వండి. 5 విలువవి ఇరవై, 25 విలువవి పన్నెండు, 100 విలువవి ఆరు, సరిగ్గా 1000 అవుతుంది. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టి తీరాల్సిన పందేలు) 5, 10 పెట్టుకోండి. అంటే ప్రతి ఒక్కరి దగ్గర పెద్ద బ్లైండ్‌కి 100 రెట్లు ఉన్నట్టు, ఆలోచించి ఆడ్డానికి కావాల్సినంత చోటు ఉంటుంది. చాలామంది 200 చిప్స్ ఇచ్చి బ్లైండ్ 20 పెట్టేసుకుంటారు, ఇంక అక్కడ ఆట ఉండదు, రెండో డీల్‌కే అందరూ ఆలిన్ (ఉన్న చిప్స్ మొత్తం పెట్టేయడం) అంటారు.

2. ఏది దేన్ని కొడుతుంది

చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి అయిదు ముక్కలు, ఈ ఏడింటిలో మంచి అయిదు మీ హ్యాండ్. పెద్దదాన్నుంచి చిన్నదానికి వరస ఇది (రంగు అంటే ఎరుపు, నలుపు కాదు, ఇస్పేటు, ఆఠీను లాంటి గుర్తు):

1. రాయల్ ఫ్లష్: ఒకే రంగులో 10, జాకీ, రాణి, రాజు, ఆసు
2. స్ట్రెయిట్ ఫ్లష్: ఒకే రంగులో వరసగా అయిదు
3. ఫోర్ ఆఫ్ ఎ కైండ్: ఒకే నంబర్ నాలుగు
4. ఫుల్ హౌస్: మూడు ఒకటి, రెండు ఒకటి
5. ఫ్లష్: ఒకే రంగు అయిదు, వరస అక్కర్లేదు
6. స్ట్రెయిట్: వరసగా అయిదు, రంగు ఏదైనా
7. త్రీ ఆఫ్ ఎ కైండ్: ఒకే నంబర్ మూడు
8. రెండు జతలు
9. ఒక జత
10. ఏమీ లేకపోతే పెద్ద ముక్క

మూడు ముక్కలాట అలవాటు ఉన్నవాళ్ళు సరిగ్గా ఇక్కడే దెబ్బ తింటారు. అక్కడ ట్రయల్ అన్నిటికన్నా పెద్దది, ఇక్కడ అదే మూడు ముక్కలు స్ట్రెయిట్ కిందకి వస్తాయి. అక్కడ సీక్వెన్స్ కలర్‌ని కొడుతుంది, ఇక్కడ కలరే సీక్వెన్స్‌ని కొడుతుంది. ఈ రెండూ తలకెక్కే దాకా పైన రాసిన వరస కాగితం మీద పక్కనే పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆసు పైనా వస్తుంది కిందా వస్తుంది (ఆసు-2-3-4-5 చెల్లుతుంది, అన్నిట్లో చిన్న స్ట్రెయిట్ అది), కానీ రాణి-రాజు-ఆసు-2-3 అని మడత పెట్టి చుట్టేస్తే చెల్లదు. రంగుల్లో పెద్దా చిన్నా లేదు. ఇస్పేటు పెద్దది అని ఎవరైనా వాదిస్తే ఒప్పుకోకండి.

ఇద్దరికీ ఒకే జత వస్తే మిగతా ముక్కల్లో పెద్దది చూస్తారు, దాన్ని కిక్కర్ అంటారు. టేబుల్ మీద ఆసు, రాజు, రాణి, 7, 2 ఉన్నాయి, ఒకే రంగువి మూడు లేవు అనుకోండి. మీ దగ్గర ఆసు-జాకీ, ఎదుటివాళ్ళ దగ్గర ఆసు-9. ఇద్దరిదీ ఆసుల జతే, కానీ మీ అయిదో ముక్క జాకీ, మీరే గెలిచారు. ఇప్పుడు టేబుల్ మీద ఆసు, రాజు, రాణి, జాకీ, 3 ఉండి ఒకరి దగ్గర ఆసు-9, ఇంకొకరి దగ్గర ఆసు-5 ఉంటే? ఇద్దరి మంచి అయిదూ ఆసు, ఆసు, రాజు, రాణి, జాకీనే. ఆ 9కి పని లేదు, ఆరో ముక్క ఎవరూ చూడరు, పాట్ (మధ్యలో పోగైన చిప్స్) చెరి సగం.

3. ఒక డీల్ మొదటి నుంచి చివరిదాకా

1. బటన్ ఎవరి ముందుంటే వాళ్ళు ఆ డీల్‌కి డీలర్. డీల్ అయ్యాక బటన్ ఎడమవైపు వాళ్ళకి జరుగుతుంది.
2. బటన్‌కి ఎడమ పక్కవాళ్ళు చిన్న బ్లైండ్ 5, వాళ్ళ పక్కవాళ్ళు పెద్ద బ్లైండ్ 10 ముక్కలు చూడకముందే పెట్టాలి. ఇది కట్టి తీరాల్సిన పందెం, మూడు ముక్కలాటలో బ్లైండ్‌తో కలిపేసుకోకండి.
3. పేక కలిపి, కోయించి, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి చొప్పున రెండు ముక్కలు పంచాలి.
4. మొదటి పందెం రౌండ్. పెద్ద బ్లైండ్‌కి ఎడమ పక్కవాళ్ళతో మొదలు. ఫోల్డ్ చేయొచ్చు (ముక్కలు పారేయడం), 10 పెట్టి కాల్ చేయొచ్చు (ఉన్న పందెం అంతే కట్టడం), రెయిజ్ చేయొచ్చు (పందెం పెంచడం). ఎవరూ రెయిజ్ చేయకపోతే చివర్లో పెద్ద బ్లైండ్‌కి చెక్ (ఇంకేమీ పెట్టకుండా వంతు వదిలేయడం) అనే హక్కుంది, కావాలంటే రెయిజ్ కూడా చేయొచ్చు.
5. పైన ఒక ముక్క మూసే పక్కన పెట్టి, మూడు ముక్కలు తెరవాలి. ఇది ఫ్లాప్. మళ్ళీ పందెం, ఈసారి నుంచి బటన్‌కి ఎడమపక్క ఆటలో ఉన్న మొదటివాళ్ళతో మొదలు.
6. ఇంకో ముక్క పక్కన పెట్టి నాలుగోది తెరవాలి, అది టర్న్. పందెం.
7. అలాగే అయిదోది, రివర్. ఆఖరి పందెం.
8. ఇంకా ఇద్దరో ముగ్గురో మిగిలితే షోడౌన్, అంటే ముక్కలు తెరిచి చూపించడం. రివర్ మీద ఆఖరిగా పందెం కాసినవాళ్ళో రెయిజ్ చేసినవాళ్ళో ముందు చూపించాలి. మధ్యలోనే అందరూ ఫోల్డ్ చేసేస్తే మిగిలినవాళ్ళు ముక్కలు చూపించకుండానే పాట్ తీసుకోవచ్చు.

ఇద్దరే ఆడుతుంటే ఒక మార్పు ఉంది. బటన్ ఉన్నవాళ్ళే చిన్న బ్లైండ్ కడతారు, ఫ్లాప్ ముందు వాళ్ళే మొదట ఆడాలి, ఫ్లాప్ తర్వాత నుంచి వాళ్ళే ఆఖర్న ఆడతారు.

4. గొడవలు వచ్చేది పందెం దగ్గరే

రెయిజ్ అంటే కనీసం ముందు పెంచినంత పెంచాలి. 10 ఉన్నదాన్ని ఒకరు 40 చేశారంటే 30 పెంచినట్టు, తర్వాతివాళ్ళు రెయిజ్ చేయాలంటే కనీసం 70 అనాలి.

నోటితో అన్నది లెక్క. "రెయిజ్ వంద" అన్నాక వెనక్కి తీసుకోడం లేదు. చిప్స్ ఒకసారే ముందుకు పెట్టాలి, కాల్‌కి సరిపడా పెట్టి అవతలివాళ్ళ మొహం చూసి "ఇంకో యాభై" అంటే చెల్లదు, అది ఉత్త కాల్ కిందే లెక్క. చిప్స్ నేరుగా పాట్‌లోకి విసరకండి, మీ ముందు పెట్టండి, రౌండ్ అయ్యాక డీలర్ లాగుతారు, లేకపోతే ఎవరెంత పెట్టారో తేల్చడానికే పావుగంట పోతుంది.

మీ వంతు రాకముందు మాట్లాడొద్దు. ఫోల్డ్ చేయాలనుకున్నా ఆగండి, ఎందుకంటే మీరు ముందే పారేస్తే మీ ముందున్నవాళ్ళకి అది సమాచారం.

ఆలిన్ లెక్క చాలామందికి తెలీదు. బావ దగ్గర 200, తమ్ముడి దగ్గర 500, మీ దగ్గర 800 ఉన్నాయి, ముగ్గురూ మొత్తం పెట్టేశారు. మెయిన్ పాట్ 200 చొప్పున 600, దీనికి ముగ్గురూ పోటీ. తమ్ముడి మిగతా 300, మీవి ఇంకో 300 కలిపి సైడ్ పాట్ 600, దీనికి మీరిద్దరే పోటీ. మీ దగ్గర ఎక్కువున్న 300 మీకే వెనక్కి. బావకి అందరికన్నా పెద్ద హ్యాండ్ పడ్డా 600 మాత్రమే వస్తుంది. ఆలిన్ అన్న వెంటనే రెండు కుప్పలూ వేరు చేసేయండి, షో అయ్యాక చేద్దాంలే అనుకోవద్దు.

5. ఏ ముక్కలతో ఆడాలి (ఇది రెండుసార్లు చదవండి)

మొత్తంలో నేను గట్టిగా చెప్పాలనుకునేది ఇదొక్కటే: గెలుపోటములు ఎక్కువగా తేలేది ఫ్లాప్ పడకముందే, ఆడాలా పారేయాలా అన్న దగ్గర. రమ్మీలో పదమూడు ముక్కలు చేతికొస్తే ఎంత చెత్తయినా సర్దుకుంటూ పోతాం, లైఫ్ పడుతుందేమో చూద్దాం అని ఇంకో ముక్క లాగుతాం. ఆ అలవాటు పోకర్‌లోకి తెస్తే మునిగిపోతారు. ఆరుగురు ఆడుతుంటే మీకొచ్చే డీల్స్‌లో నాలుగో వంతుకి మించి ఆడకపోవడం మొదట్లో మంచిది.

రెండోది, ముక్కలు ఎంత ముఖ్యమో కూర్చున్న చోటు అంత ముఖ్యం. బటన్ మీద ఉంటే ఫ్లాప్ నుంచి ప్రతి రౌండ్‌లో మీరే ఆఖరు, అందరూ ఏం చేశారో చూసి ఆడతారు. పెద్ద బ్లైండ్ పక్కన కూర్చుంటే వెనకాల అయిదుగురు ఏం పట్టుకున్నారో తెలీకుండా మొదలుపెట్టాలి. అందుకే ఒకే ముక్కలు ఒక చోట రెయిజ్, ఇంకో చోట ఫోల్డ్.

మొదట ఆడాల్సిన చోట:
- 7 జత నుంచి పైకి ఏ జతైనా
- ఆసు-రాజు, ఆసు-రాణి
- ఒకే రంగులో ఆసు-జాకీ, ఆసు-10, రాజు-రాణి

మధ్యలో ఉంటే వీటికి తోడు:
- 5, 6 జతలు
- ఆసు-జాకీ ఏ రంగైనా, రాజు-రాణి ఏ రంగైనా
- ఒకే రంగులో రాణి-జాకీ, జాకీ-10

బటన్ మీద, మీ ముందు అందరూ పారేసి ఉంటే:
- అన్ని జతలు
- ఒకే రంగులో ఆసుతో ఏదైనా
- 10 నుంచి పైనున్న ఏ రెండు ముక్కలైనా
- ఒకే రంగులో 7-6, 8-7, 9-8 లాంటి పక్కపక్కవి

మీకు ముందే ఎవరైనా రెయిజ్ చేసి ఉంటే పై జాబితాలు పనికిరావు, ఇంకా బిగించాలి. 10 జత నుంచి పైవి, ఆసు-రాజు, ఒకే రంగు ఆసు-రాణి, వీటితో ఉండండి. చిన్న జతలతో తక్కువ ఖర్చులో కాల్ చేసి ఫ్లాప్ చూడొచ్చు, కానీ జత ఉన్నప్పుడు ఫ్లాప్‌లో మూడోది పడేది దాదాపు ఎనిమిదిసార్లకి ఒకసారే, కాబట్టి ఇద్దరి దగ్గరా మీరు కాల్ చేసినదానికి పదిహేను రెట్లయినా మిగిలి ఉంటేనే గిట్టుబాటు.

ఆడేటట్టయితే రెయిజ్‌తో రండి. పెద్ద బ్లైండ్‌కి మూడు రెట్లు, అంటే 30. ముందే ఎవరైనా ఉత్త కాల్ చేసి ఉంటే ఒక్కొక్కరికి ఇంకో 10 కలపండి. ఊరికే 10 పెట్టి ఫ్లాప్ చూద్దాం అనే అలవాటు మొదటి రోజే మానేయండి, దానివల్ల అయిదుగురు లోపలికొస్తారు, మీ మంచి ముక్కలకి విలువ పోతుంది. ఆసుల జత ఒక్కరి మీద ఆడితే నూటికి 85 సార్లు గెలుస్తుంది, అదే అయిదుగురూ ఏవో ముక్కలతో చివరిదాకా ఉంటే సగం సార్లు కూడా గెలవదు. దాచిపెట్టి అందర్నీ పిలుచుకోడం ఎంత నష్టమో చూడండి.

ఒకే రంగు కదా అని రాజు-4, జాకీ-3 లాంటివి పట్టుకుని కూర్చోవద్దు. ఫ్లాప్‌లోనే ఫ్లష్ పడేది నూటికి ఒకసారి కూడా కాదు.

6. ఫ్లాప్ పడ్డాక మూడు ప్రశ్నలు

ప్రతిసారీ చిప్స్ ముట్టుకోకముందు ఈ ప్రశ్నలు వేసుకోండి:

- నాకు ఇప్పుడు ఏముంది, ఇంకేం రావచ్చు?
- ఎదుటివాళ్ళు ఫ్లాప్ ముందు ఏం చేశారు, అలా చేసేవాళ్ళ దగ్గర ఏ ముక్కలు ఉండొచ్చు?
- నేను పందెం కాస్తే నాకన్నా చిన్న హ్యాండ్ కాల్ చేస్తుందా, నాకన్నా పెద్దది పారేస్తుందా? రెండూ జరగవంటే చెక్ చేయండి.

జత లేని రెండు ముక్కలకి ఫ్లాప్‌లో జతో ఇంకా మంచిదో పడేది మూడుసార్లకి ఒకసారే. మీకే కాదు, ఎదుటివాళ్ళకీ అంతే. అందుకే ఫ్లాప్ ముందు రెయిజ్ చేసినవాళ్ళు, ఎదురుగా ఒక్కరే ఉన్నప్పుడు, పాట్‌లో మూడో వంతో సగమో కాస్తే చాలాసార్లు అక్కడే అయిపోతుంది. ముగ్గురు నలుగురు ఉంటే మాత్రం చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

మంచి హ్యాండ్ పడితే డబ్బాలో దాచుకోకండి, పాట్‌లో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా కాయండి. ఇంట్లో ఆటల్లో జనం కాల్ చేయడానికే కూర్చుంటారు, మీకు చిప్స్ వచ్చేదే అక్కడ.

7. లెక్క, నోటితో చేసేంత

మీ హ్యాండ్ పూర్తి కావడానికి పనికొచ్చే ముక్కల్ని అవుట్స్ అంటారు. చేతిలో రెండు ఇస్పేట్లు, ఫ్లాప్‌లో రెండు ఇస్పేట్లు ఉంటే మిగిలినవి తొమ్మిది, అంటే 9 అవుట్స్. రెండు చివరలా తెరిచి ఉన్న స్ట్రెయిట్‌కి 8. మధ్యలో ఒకటి కావాల్సినదానికి 4.

ఇంకా రెండు ముక్కలు రావాల్సి ఉంటే అవుట్స్‌ని 4తో గుణించండి, ఒక్కటే రావాల్సి ఉంటే 2తో. వచ్చేది సుమారుగా శాతం. 9 అవుట్స్‌కి ఫ్లాప్ మీద 36, టర్న్ మీద 18. అసలు లెక్క 35, 19.6, ఈ తేడా పర్లేదు. అయితే 4తో గుణించింది ఆలిన్ అయ్యి రెండు ముక్కలూ ఉచితంగా చూసేటప్పుడే పనికొస్తుంది, టర్న్ మీద మళ్ళీ పందెం ఉంటే 2తోనే ఆలోచించండి.

లెక్కలో రెండో భాగం పాట్‌ది. పాట్‌లో 100 ఉంది, ఎదుటివాళ్ళు 50 కాశారు. మీరు 50 పెడితే మొత్తం 200 అవుతుంది, అందులో మీది నాలుగో వంతు, అంటే 25 శాతం సార్లు గెలిస్తే చాలు కాల్ నష్టం కాదు. పాట్ అంత కాస్తే 33 శాతం కావాలి.

8. ఒక డీల్ పూర్తిగా

మీరు బటన్. ఇస్పేటు ఆసు, ఇస్పేటు 10. అందరూ ఫోల్డ్ చేశారు, మీరు 30 చేశారు. చిన్న బ్లైండ్ పారేశారు, పెద్ద బ్లైండ్ కాల్. పాట్ 65.

ఫ్లాప్ ఇస్పేటు రాజు, ఇస్పేటు 7, ఆఠీను 2. వాళ్ళు చెక్. మీకు జత లేదు కానీ అన్నిటికన్నా పెద్ద ఫ్లష్‌కి దారి ఉంది, 35 కాశారు. వాళ్ళు ఫోల్డ్ చేస్తే ఇప్పుడే గెలుపు, కాల్ చేసినా అవకాశం ఉంది. కాల్ చేశారు, పాట్ 135.

టర్న్ డైమండ్ 4. ఈసారి వాళ్ళే 70 కాశారు. మీరు 70 పెడితే మొత్తం 275, అంటే 25 శాతం పైన కావాలి. ఫ్లష్‌కి 9 అవుట్స్, దాంతోనే అయితే 19.6, సరిపోదు. కానీ వాళ్ళ దగ్గర రాజు జత ఉందనుకుంటే మీకు ఆసు పడినా చాలు, ఇంకో మూడు, మొత్తం 12 అవుట్స్, 26 శాతం. పైగా ఇద్దరి దగ్గరా ఎనిమిది వందల పైనే మిగిలి ఉంది, ఇస్పేటు పడితే రివర్ మీద ఇంకొంత వస్తుంది. కాల్. అదే వాళ్ళు 135 కాసి ఉంటే 33 శాతం కావాలి, నేనైతే మామూలుగా పారేస్తా.

రివర్ ఇస్పేటు 3. వాళ్ళు చెక్. పాట్ 275, మీరు 180 కాయండి. ఇక్కడ చాలామంది భయపెట్టకూడదని 40 కాస్తారు, రాజు పట్టుకున్నవాళ్ళు 180కి కూడా తరచుగా కాల్ చేస్తారు. ఇస్పేటు కాకుండా ఆఠీను 8 పడి వాళ్ళు మళ్ళీ కాసి ఉంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు, ఫోల్డ్.

9. ఎక్కువగా చేసే తప్పులు, వాటికి విరుగుడు

ఇంత పెట్టాం కదా అని ఆగలేకపోవడం. పాట్‌లోకి వెళ్ళిన చిప్స్ మీవి కావు. ఇప్పుడు పెట్టాల్సింది ఎంత, గెలిచే అవకాశం ఎంత, ఈ రెండే చూడండి.

ఆసు చూడగానే ఆగకపోవడం. ఆసు-4తో ఆసుల జత పడుతుంది, ఎదురుగా ఆసు-రాణి ఉంటుంది, జత పడినందుకే ఎక్కువ పోతుంది. రంగు కలవని చిన్న ఆసుల్ని ముందు చోట్లలో పారేయండి.

కాల్ చేసేవాళ్ళ మీద బ్లఫ్ (చేతిలో ఏమీ లేకుండానే పందెం కాసి భయపెట్టడం). పాట్‌లో సగం కాసి బ్లఫ్ చేస్తే మూడుసార్లకి ఒకసారైనా వాళ్ళు పారేయాలి, లేకపోతే నష్టం. ఏ జత ఉన్నా వదలని మనిషి ఎదురుగా ఉంటే బ్లఫ్ మానేసి మంచి హ్యాండ్ కోసం ఆగండి. బ్లఫ్ చేస్తే ఫ్లాప్ నుంచి మీరు ఆడిన తీరు ఒక పెద్ద హ్యాండ్‌కి సరిపోయేలా ఉండాలి, రివర్ మీద ఉన్నట్టుండి కాస్తే ఎవరూ నమ్మరు.

ఓడిన వెంటనే ప్రతి డీల్ ఆడటం. ఆసుల జతతో ఓడిపోతారు, రాజుల జత మీద అది నూటికి 18 సార్లు జరిగేదే. అలా అయితే తర్వాతి రెండు డీల్స్ లేచి మంచినీళ్ళు తాగి రండి.

ఫోల్డ్ చేసిన ముక్కలు చూపించడం, ఆటలో లేనివాళ్ళు సలహాలు ఇవ్వడం. డీల్ నడుస్తున్నంతసేపు నిషేధం, ఇంట్లో ఆటైనా సరే.

10. మొదటి రోజు ఎలా గడపాలి

- మొదటి అరగంట అందరూ ముక్కలు తెరిచే ఆడండి. ప్రతి రౌండ్‌లో ఎవరు ముందున్నారో, ఎవరికి ఎన్ని అవుట్స్ ఉన్నాయో పైకి చెప్పండి.
- తర్వాతి గంట మూసి ఆడండి, కానీ డీల్ అయ్యాక చివరిదాకా ఉన్నవాళ్ళు ముక్కలు చూపించి ఎందుకు కాల్ చేశారో చెప్పాలి.
- మూడో గంట నుంచి మామూలు ఆట. ఫ్లాప్ ముందు ఎన్ని డీల్స్ ఆడారో, ఎన్ని పారేశారో ఒక కాగితం మీద గీతలు గీసుకోండి. ఆడినవి సగం దాటితే అయిదో పాయింట్ దగ్గరికి మళ్ళీ రండి.
- ఒంటరిగా ప్రాక్టీస్ చేయాలంటే పేక తీసి ఆరుగురికి పంచినట్టు రెండేసి పరిచి, అయిదు ముక్కలు తెరిచి, ఎవరు గెలిచారో పది సెకన్లలో చెప్పగలరేమో చూసుకోండి. కిక్కర్లు, చెరి సగం వచ్చే చోట్లు తడుముకోకుండా చెప్పగలిగితే టేబుల్ దగ్గర కూర్చోవచ్చు.